మన్యం మహిళకు మాత్ర అందేదెట్లా?

గర్భనిరోధక మాత్రలను డాక్టరు చీటీ లేకుండా అమ్మవచ్చునా, కూడదా అన్న చర్చ ఢిల్లీలో అప్పుడప్పుడు రేగుతూ, సద్దుమణుగుతూ ఉన్నది. 2024 సెప్టెంబరులో ఇదే చర్చ మళ్ళీ లేచినప్పుడు, ఉన్న పద్ధతిలో మార్పేదీ లేదని కేంద్రం వివరణ ఇచ్చింది. చీటీ రాసే డాక్టరూ, మందిచ్చే దుకాణమూ ఒకే వీధిలో ఉండే పట్టణవాసులకు ఇది నిబంధనలకు సంబంధించిన చిక్కు మాత్రమే. రాజవొమ్మంగి మండలంలో కొండవాలు గూడేలలో కాపురముండే ఆడవారికి ఇది కాలినడకకూ, పోయే రోజు కూలికీ, బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడానికీ, ఒక్కొక్కప్పుడు తల్లి ప్రాణానికీ సంబంధించిన విషయం. కనుక ఈ ప్రశ్నను ఒకసారి మన్యం నుంచి చూడవలసి ఉన్నది.

ముందుగా నిబంధన ఏమంటున్నదో తెలుసుకోవడం మంచిది. డాక్టరు చీటీ మీదనే అమ్మవలసిన మందుల పట్టికను ఔషధ నిబంధనలలో 'హెచ్' షెడ్యూలు అంటారు. గర్భనిరోధక మాత్రలలో వాడే ఇథినైల్ ఈస్ట్రాడియాల్, సెంట్‌క్రోమాన్ వంటి మందుల పేర్లు ఆ పట్టికలో ఉన్నాయి. అయితే మినహాయింపుల పట్టిక అయిన 'కె' షెడ్యూలులో, తక్కువ మోతాదు గల కొన్ని గర్భనిరోధక మాత్రలకు వెసులుబాటు ఇచ్చారు. లెవోనార్జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములు, ఇథినైల్ ఈస్ట్రాడియాల్ 0.03 మిల్లీగ్రాములు కలిసిన మాత్రా, 30 మిల్లీగ్రాముల సెంట్‌క్రోమాన్ మాత్రా ఈ మినహాయింపులోనివే. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ మొదటి రకానికి చెందినది. ఛాయా అనేది రెండవ రకం. అత్యవసర గర్భనిరోధక మాత్రకు సైతం 2005లోనే చీటీ అక్కరలేకుండా చేశారు.

అంటే కాగితం మీద తలుపు ఏనాడో తెరచి ఉన్నది. ఒకే మందు పేరు ఒక పట్టికలో చీటీ కావాలనీ, మరొక పట్టికలో అక్కరలేదనీ కనిపిస్తుంటే దుకాణదారు జంకడం సహజం. ఈ తికమకను తొలగించే బాధ్యత కేంద్రానిది. కానీ అది తొలగినంత మాత్రాన జడ్డంగి, లాగరాయి, లబ్బర్తి, వాతంగి పరిసరాల గూడేలకు మాత్ర నడిచి రాదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఆపరేషనే మార్గమా?

మన రాష్ట్రంలో కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషన్ అనే అర్థం స్థిరపడిపోయింది. 2019-21 సంవత్సరాలలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ వయసు గల వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. గర్భనిరోధక మాత్రలు వాడేవారు ఒక శాతం కూడా లేరు. దేశం మొత్తం మీద మాత్ర వాడేవారు 5 శాతం వరకు ఉన్నారు. మగవారి ఆపరేషన్లు మన రాష్ట్రంలో ఒక శాతానికి చేరనే లేదు. భారమంతా ఆడవారి మీదా, అదీ కత్తి మీదా పడిందన్నమాట.

ఆపరేషన్ చాలు అనుకున్నవారికి మంచిదే. కానీ అది పిల్లలిక వద్దు అనుకున్న వారికి పనికివచ్చే మార్గం. ఇంకా కావాలి గాని ఇప్పుడే వద్దు అనుకునే యువతికి అది ఏ విధంగానూ ఉపయోగపడదు. అదే సర్వేలో, రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ళ వయసు స్త్రీలలో దాదాపు 29 శాతం మందికి 18 ఏళ్ళు నిండకముందే పెళ్ళి జరిగినట్లు తేలింది. రక్తహీనతతో బాధపడే స్త్రీలు నూటికి 58 మందికి పైగా ఉన్నారు. ఇవి మైదానమూ మన్యమూ కలిపి వచ్చిన లెక్కలు. రహదారులు తక్కువై, మలేరియా ఎక్కువై, తిండి చాలీచాలని కొండ ప్రాంతంలో ఈ కష్టం ఇంకెంత బరువుగా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

ఒక కాన్పు తర్వాత మళ్ళీ గర్భం ధరించడానికి కనీసం 24 నెలల ఎడం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. చంటిబిడ్డ పాలు మానకముందే తల్లి మళ్ళీ నెల తప్పితే, కడుపులో బిడ్డా, చంకలో బిడ్డా, తల్లీ ముగ్గురూ నష్టపోతారు. కొండవాగు పొంగిన రోజున డోలీ కట్టి గర్భిణిని మోసుకువచ్చిన వార్తలు ఏజెన్సీ పాఠకులకు కొత్త కావు. అటువంటి ప్రయాణాలలో కొన్నింటికి మూలం, తల్లి కోరుకోని కాలంలో వచ్చిన గర్భం. డోలీ కష్టాన్ని తప్పించే రోడ్డు వేయడం ఎంత అవసరమో, సిద్ధపడని గర్భాన్ని తప్పించే మాత్రను అందించడం అంతే అవసరం.

దీనికి తోడు సికిల్ సెల్ వ్యాధి గిరిజన ప్రాంతాలను పట్టి పీడిస్తున్నది. దీనిని నిర్మూలించేందుకు కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాదోల్‌లో జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఈ వ్యాధి ఉన్న స్త్రీకి గర్భం సాధారణ విషయం కాదు. ముందుగా తెలిసి, వైద్యుని పర్యవేక్షణలో, తగిన సమయంలో గర్భం దాల్చడం ఆమెకు అవసరం. రక్తపరీక్ష చేసి వ్యాధి ఉన్నదని చెప్పి, గర్భాన్ని వాయిదా వేసుకునే సాధనం చేతికివ్వకపోతే ఆ పరీక్ష సగం పనే అవుతుంది.

డాక్టర్ల అభ్యంతరంలో నిజం

మాత్రను విచ్చలవిడిగా ఇవ్వరాదని డాక్టర్లు చెప్పే మాటలో నిజం లేకపోలేదు. మాలా-ఎన్ వంటి మాత్రలో రెండు హార్మోన్లు ఉంటాయి. రక్తపోటు ఎక్కువగా ఉన్నవారూ, కాళ్ళలోనో ఊపిరితిత్తులలోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారూ, కాలేయ వ్యాధి ఉన్నవారూ, 35 ఏళ్ళు దాటి పొగతాగే అలవాటు ఉన్నవారూ దానిని వాడకూడదు. మన్యంలో చుట్ట తాగే స్త్రీలు ఉన్నారు గనుక ఈ చివరి హెచ్చరికను తేలికగా తీసుకోరాదు. పాలిచ్చే తల్లి మొదటి ఆరు నెలలూ ఈ మాత్రకు దూరంగా ఉండాలి. క్షయ వ్యాధికి వాడే రిఫాంపిసిన్ ఈ మాత్ర శక్తిని తగ్గిస్తుంది. సికిల్ సెల్ ఉన్న స్త్రీ డాక్టరును అడిగి తనకు తగిన సాధనాన్ని ఎంచుకోవడం మేలు.

అయితే ఈ జాగ్రత్తలలో పెక్కింటిని తెలుసుకోవడానికి పెద్ద డాక్టరే ఉండనక్కరలేదు. పదీ పన్నెండు సూటి ప్రశ్నలూ, ఒక రక్తపోటు పరికరమూ చాలు. అటువంటి ప్రశ్నల పట్టిక ఎ.ఎన్.ఎం. చేతిలో ఉంటే, ఏ స్త్రీని ఆసుపత్రికి పంపాలో, ఎవరికి అక్కడికక్కడే మాత్ర ఇవ్వవచ్చునో ఆమె తేల్చగలదు. చీటీ అక్కరలేదు గాని ప్రశ్న తప్పనిసరి అన్న సూత్రం ఇక్కడ సరిపోతుంది.

ప్రపంచం నడుస్తున్న దారీ ఇదే. చీటీ లేకుండా గర్భనిరోధక మాత్రలు అందుబాటులో ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో స్వీయ ఆరోగ్య సంరక్షణ మార్గదర్శకాలలో సిఫారసు చేసింది. బ్రిటన్‌లో 2021లో ఒకే హార్మోను ఉన్న మాత్రను ఫార్మసిస్టు సలహాతో చీటీ లేకుండా అమ్మడానికి అనుమతించారు. గర్భనిరోధక మాత్రను 1960లో మొట్టమొదట ఆమోదించిన అమెరికా సైతం 63 ఏళ్ళ తర్వాత, 2023 జూలైలో ఓపిల్ అనే మాత్రను చీటీ లేకుండా అమ్మేందుకు అంగీకరించింది. అక్కడ కూడా రెండు హార్మోన్ల మాత్రకు కాక, ప్రమాదం తక్కువైన ఒకే హార్మోను మాత్రకు ముందుగా దారి ఇచ్చారన్నది గమనించవలసిన విషయం.

వారానికి ఒక మాత్ర

ఈ విషయంలో మన దేశానికి తనదైన సాధనం ఒకటి ఉన్నది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు సెంట్‌క్రోమాన్ అనే మందును కనిపెట్టారు. అది సహేలీ అన్న పేరుతో 1991లో బజారులోకి వచ్చింది. తర్వాత ఛాయా అన్న పేరుతో ప్రభుత్వ కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో చేరింది. ఇందులో హార్మోన్లు లేవు. పాలిచ్చే తల్లులు కూడా వాడవచ్చు. మొదటి మూడు నెలలూ వారానికి రెండు మాత్రలు, ఆ తర్వాత వారానికి ఒక్కటి వేసుకుంటే సరిపోతుంది.

మన్యంలో వారానికి ఒకసారి అందరికీ తెలిసిన గుర్తు ఏదైనా ఉన్నదంటే అది సంత. తేదీలు మరచిపోయినా సంత రోజును ఎవరూ మరచిపోరు. రోజూ వేసుకోవలసిన మాత్ర పోడు పనులలో, అడవికి పోయివచ్చే తొందరలో తప్పిపోవచ్చు గాని, సంత రోజున వేసుకోవలసిన మాత్ర తప్పిపోదు. మొదటి మూడు నెలలలో రెండవ మాత్రకు నర్సమ్మ మరొక రోజును గుర్తుపెట్టించాలి. ఒకవేళ మాత్ర మరచినా ఏడు రోజులు దాటకముందే గుర్తుకు వస్తే వెంటనే వేసుకుని, మళ్ళీ బహిష్టు వచ్చేవరకు నిరోధ్ వాడాలి. ఏడు రోజులు దాటితే మళ్ళీ మొదటి నుంచి ఆరంభించాలి.

దీనికీ పరిమితులు ఉన్నాయి. కామెర్లు, కాలేయ వ్యాధి, మూత్రపిండాల వ్యాధి, క్షయ ఉన్నవారికి ఇది తగదు. కొందరికి బహిష్టు ఆలస్యమవుతుంది. ఈ మాట ముందుగా చెప్పకపోతే నెల తప్పిందేమోనన్న భయంతో మాత్ర మానేయడమో, నాటు మందు మింగడమో జరుగుతుంది. అనుమానం వచ్చిన వెంటనే గర్భ నిర్ధారణ పరీక్ష చేసే సదుపాయం ఆశా కార్యకర్త వద్ద ఉండాలి. ఏ మాత్రా సుఖవ్యాధుల నుంచీ, ఎయిడ్స్ నుంచీ కాపాడదన్న సంగతి కూడా భార్యాభర్తలిద్దరికీ తెలియాలి.

బిళ్ళలన్నీ ఒకటి కావు

అన్నింటికంటే ప్రమాదకరమైనది బిళ్ళల మధ్య తేడా తెలియకపోవడం. గర్భం రాకుండా క్రమంగా వాడే మాత్ర ఒకటి. కలయిక జరిగిన 72 గంటల లోపు వేసుకునే అత్యవసర మాత్ర రెండవది. వచ్చిన గర్భాన్ని తొలగించే బిళ్ళ మూడవది. మొదటి రెండింటిని చీటీ లేకుండా ఇవ్వవచ్చు. మూడవదానిని డాక్టరు పర్యవేక్షణ లేకుండా వాడడం ప్రాణాంతకం కావచ్చు. రక్తహీనతతో ఉన్న స్త్రీకి అధిక రక్తస్రావం మొదలైతే గూడెం నుంచి అడ్డతీగలకో, రంపచోడవరానికో చేరేలోపు ఏమైనా జరగవచ్చు.

1971 నాటి చట్టం ప్రకారం గర్భస్రావం అర్హులైన వైద్యుల చేతుల మీదుగానే జరగాలి. చాటుమాటుగా ఆ బిళ్ళలను అమ్మేవారిపై ఔషధ నియంత్రణ అధికారులు కఠినంగా వ్యవహరించాలి. అయితే ఆ నెపంతో గర్భనిరోధక మాత్రలకు కూడా కళ్ళెం వేస్తే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది. గర్భం రాకుండా చూసుకునే దారి మూసుకుపోయిన చోటనే, వచ్చిన గర్భాన్ని రహస్యంగా పోగొట్టుకునే దారులు పెరుగుతాయి.

గిరిజనుల అనుమానాన్ని తోసివేయరాదు

గర్భనిరోధం అనగానే గిరిజన పెద్దలలో కలిగే అనుమానాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం తగదు. అత్యవసర పరిస్థితి రోజులలో, 1976-77లో ఒక్క ఏడాదిలోనే దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. వాటిలో బలవంతంగా చేసినవెన్నో. పేదలు ఆ భయాన్ని మరచిపోలేదు. కొండరెడ్ల వంటి సంఖ్య తక్కువగా ఉన్న ఆదిమ తెగల వారు తమ జాతి తరిగిపోతుందేమోనని భయపడడంలో ఆశ్చర్యమేమీ లేదు.

అయితే ఆ భయానికి మందు నిషేధం కాదని మధ్యప్రదేశ్ అనుభవం చెబుతున్నది. బైగా వంటి ఆదిమ తెగల వారికి ఆపరేషన్లు చేయరాదని అక్కడి ప్రభుత్వం 1979లో ఉత్తర్వు ఇచ్చింది. ఉద్దేశం వారిని కాపాడడమే. కానీ తమ కుటుంబం గురించి తామే నిర్ణయించుకునే హక్కు తమకు కావాలని బైగా స్త్రీపురుషులు ఛత్తీస్‌గఢ్ హైకోర్టును ఆశ్రయించవలసి వచ్చింది. బలవంతంగా ఆపరేషన్ చేయడమూ, అడిగినా సాధనం ఇవ్వకపోవడమూ రెండూ ఒకే తప్పుకు రెండు ముఖాలు. మాత్రలోని మేలు ఇక్కడే ఉన్నది. అది తల్లి చేతిలో ఉంటుంది. వద్దనుకున్న రోజున మానేయవచ్చు. మళ్ళీ బిడ్డను కనవచ్చు.

రాష్ట్రంలో ఇప్పుడు గాలి మరో వైపు వీస్తున్నది. జననాలు తగ్గిపోతున్నాయన్న ఆందోళన బయలుదేరింది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు పంచాయతీ ఎన్నికలలో పోటీ చేయరాదన్న నిబంధనను 2024 నవంబరులో శాసనసభ రద్దు చేసింది. ఎక్కువ మందిని కనమన్న పిలుపులూ వినబడుతున్నాయి. నిన్న వద్దన్నదీ ప్రభుత్వమే, నేడు కనమంటున్నదీ ప్రభుత్వమే. ఈ రెండు కాలాలలోనూ కడుపు మోసేది మాత్రం స్త్రీయే. విధానం మారిందన్న సాకుతో ఆరోగ్య కేంద్రాలలో మాత్రల నిల్వలు తరిగిపోకుండా చూడాలి. ఎడం పాటించి కన్న బిడ్డలు బతికి బట్టకడతారు గనుక, జనాభా పెరగాలని కోరేవారు సైతం మాత్రకు అడ్డు చెప్పవలసిన పని లేదు.

చేయవలసిన పనులు

ఆశా కార్యకర్తల ద్వారా ఇంటి వద్దకే గర్భనిరోధక సాధనాలు అందించే పథకాన్ని కేంద్రం 2011లో ప్రారంభించి, 2012 డిసెంబరులో దేశమంతటికీ విస్తరించింది. నెల మాత్రల పట్టీకి 1 రూపాయి, అత్యవసర మాత్రకు 2 రూపాయలు తీసుకోవాలని నిర్ణయించారు. ఆలోచన ఎంతో మంచిది. అది ఏజెన్సీలో ఎంతవరకు నడుస్తున్నదో రంపచోడవరం సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ అధికారులు మండలాలవారీగా విచారించి, ఏ గూడెంలో ఏ నెల ఎన్ని మాత్రలు అందాయో గ్రామసభలకు తెలియజేయాలి. జిల్లాల సరిహద్దులు మారినా, కార్యాలయాల బోర్డులు మారినా ఈ బాధ్యత మారదు.

రాజవొమ్మంగి, జడ్డంగి, లాగరాయి ఆరోగ్య సిబ్బంది సంత రోజున ఒక మూల చిన్న గుడారం వేసి, రక్తపోటు చూసి, ప్రశ్నలు అడిగి, ఛాయా, మాలా-ఎన్ మాత్రలు అందించవచ్చు. అయితే సంతలో నలుగురి ముందు అడగడానికి ఆడవారు సిగ్గుపడతారు గనుక, రక్తపోటు, రక్తహీనత పరీక్షలతో పాటే ఈ సలహా కూడా చాటుగా జరగాలి. నెలనెలా గ్రామానికి వచ్చే 104 వాహనంలోనూ ఈ మాత్రలు ఉండాలి.

1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ డిపోలు మన్యమంతటా విస్తరించి ఉన్నాయి. బియ్యానికి నెలకొకసారి అక్కడికి రాని ఇల్లు లేదు. మొదటిసారి నర్సమ్మ పరీక్షించి కార్డు ఇచ్చిన స్త్రీకి, తర్వాతి నెలల మాత్రలు ఆ డిపోలో సబ్బుతో పాటు చేతికందే ఏర్పాటును నిబంధనలు సరిచూసి ప్రయత్నించవచ్చు. ఆరు నెలలకొకసారి మళ్ళీ రక్తపోటు చూడాలి.

మాత్రను ఎలా వాడాలో తెలిపే బొమ్మల కాగితం ఉండాలి. చదువురాని తల్లికి అక్షరాల కాగితం వల్ల ఉపయోగం లేదు. గూడెంలోని భాషలో మాట్లాడగల ఆశా కార్యకర్త నోటి మాట అంతకంటే మేలు. అత్తగార్లను, భర్తలను కూడా కూర్చోబెట్టి చెప్పాలి. దాచుకుని వేసుకునే మాత్ర రెండో నెలకే ఆగిపోతుంది.

బాల్య వివాహాలను అరికట్టడానికి 2006 నాటి చట్టాన్ని గట్టిగా అమలు జరపడం మాత్రతో తీరే పని కాదు. ఆ బాధ్యత అధికారులకూ, కులపెద్దలకూ, ఉపాధ్యాయులకూ ఉన్నది. అయినా ఇప్పటికే కాపురంలో ఉన్న బాలిక సలహా కోసం వస్తే, కేసు భయంతో ఆమెను వెనక్కి పంపివేయకుండా వైద్యం అందించే మార్గం ఆరోగ్య శాఖ చూపాలి.

గర్భనిరోధక మాత్రకు చీటీ అక్కరలేదన్న నిర్ణయం సరైనదే. దానిని మార్చవలసిన అవసరం లేదు, పట్టికలలోని తికమకను సవరిస్తే చాలు. కానీ చీటీ తీసివేసి, మనిషిని కూడా తీసివేస్తే అది స్వేచ్ఛ అనిపించుకోదు, వదిలించుకోవడం అవుతుంది. మాత్రతో పాటు ప్రశ్న అడిగే నర్సమ్మ, జవాబు చెప్పే డాక్టరు, మళ్ళీ వచ్చే నెలకు నిల్వ, ఈ మూడూ ఉన్నప్పుడే అది మన్యం తల్లికి ఆసరా అవుతుంది. జిల్లా వైద్య ఆరోగ్య శాఖ వచ్చే వానాకాలానికి ముందే, వాగులు పొంగి దారులు మూసుకుపోయే గూడేల జాబితా తీసుకుని, కనీసం మూడు నెలలకు సరిపడా మాత్రలను ఆశా కార్యకర్తల వద్దకు చేర్చడంతో ఈ పనిని ప్రారంభించాలి.